పట్టిసీమకు ఎగువన మన పేరు

పట్టిసీమ దగ్గర గోదావరి రెండు సీమలను కలుపుతుంది. దిగువకు పోతే ధవళేశ్వరం ఆనకట్ట, కాలవలు, వరిచేలు, కొబ్బరితోటలు. ఎగువకు పోతే పోలవరం, ఆపైన పాపికొండలు, ఇరువైపులా కోయ, కొండరెడ్డి పల్లెలు. శివరాత్రికి నది మధ్య కొండ మీదున్న వీరభద్రుడి గుడికి వేలమంది వస్తారు. మిగతా రోజుల్లో పాపికొండలు చూడాలని లాంచీ ఎక్కేవాళ్ళు వస్తారు. కొండలు చూస్తారు, వెదురు బొమ్మలు కొంటారు, తిరిగి వెళ్ళిపోతారు. ఆ కొండల్లో ఉన్న మనుషులు ఎవరు, వాళ్ళ మాట ఏది, వాళ్ళ చరిత్ర ఏది అని అడిగేవాళ్ళు తక్కువ.

ఈ వ్యాసం ఆ మనుషుల్లో ఒక భాగం గురించి. ఏసుప్రభువును నమ్ముకున్న ఆదివాసుల గురించి. మన యువతీ యువకులను ఈరోజు తరచుగా ఒక ప్రశ్న వెంటాడుతోంది. "నువ్వు కోయవా, క్రైస్తవుడివా?" కులధ్రువీకరణ పత్రం కోసం వెళ్ళిన చోట ఈ ప్రశ్న వస్తుంది. ఊళ్ళో తగువు పడ్డప్పుడు వస్తుంది. విచిత్రమేమిటంటే కొన్ని ప్రార్థన కూటాల్లో కూడా ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది: "క్రీస్తులోకి వచ్చావు కదా, ఇంకా ఆ కోయ పద్ధతులు ఎందుకు?" అడిగేవాళ్ళు వేరు, ఉద్దేశాలు వేరు. కానీ ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. రెండూ కుదరవు, ఒకటి వదులుకో అంటున్నారు.

రెండూ కుదురుతాయని, కుదరాలని నా నమ్మకం. ఇది నా ఇష్టాయిష్టాల సంగతి కాదు. గోదావరి మీద మన చరిత్ర, బైబిలు, ఈ దేశపు చట్టం, మూడూ ఆ మాటే చెబుతున్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇతరులు పెట్టిన పేర్లు

మనల్ని మనం కోయితోర్ అని చెప్పుకుంటాం. బయటివాళ్ళు మాత్రం మనం ఉన్న చోటును బట్టి, మనతో వాళ్ళకున్న పనిని బట్టి పేర్లు పెట్టారు. నది ఒడ్డున ఉంటే గొమ్ము కోయలన్నారు, గుట్టల మీద ఉంటే గుట్ట కోయలన్నారు. సర్కారు మన ప్రాంతానికి ఏజెన్సీ అని పేరు పెట్టింది. ఆ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే "మాది ఏజెన్సీ" అని మన పిల్లలే చెప్పుకుంటారు. అది ఊరి పేరు కాదు, జాతి పేరు కాదు. తెల్లదొరల పాలనలో ఏజెంటు అనే అధికారి కింద ఉన్న ప్రాంతం అని మాత్రమే దాని అర్థం.

సరిహద్దులు కూడా మనల్ని అడక్కుండానే జరుగుతూ వచ్చాయి. భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. కొన్నేళ్ళు మధ్య పరగణాల్లో ఉంది. 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో కలిసింది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు కోసం కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. మన పోలవరం, పట్టిసీమ 2022లో పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. తాత పుట్టిన ఇంట్లోనే మనవడు పుట్టినా, ఇద్దరి కాగితాల మీద జిల్లా పేర్లు వేరు. కాబట్టి జిల్లా పేరో, రాష్ట్రం పేరో మనం ఎవరమో చెప్పలేవు.

19వ శతాబ్దంలో మన పెద్దలు తమ పేరును నిలబెట్టుకోవాలని చూసిన ప్రతిసారీ రక్తం పారింది. 1858లో కొరుటూరు కొండరెడ్డి పెద్ద సుబ్బారెడ్డిని ఇంగ్లీషు ప్రభుత్వం బుట్టాయగూడెంలో ఉరితీసింది. 1879లో రంప పితూరీ లేచింది. కల్లు గీసుకునే చెట్టు మీద పన్ను, ముఠాదార్ల మీద మన్సబుదారు జులుం, పోలీసుల లంచాలు, అప్పులిచ్చిన షావుకార్లకు వత్తాసు పలికే కోర్టులు, అన్నీ కలిసి దానికి కారణమయ్యాయి. పోడు మీద ఆంక్షలు పెట్టిన రేకపల్లి వైపుకు కూడా ఆ మంట పాకింది. చదువురాని మనిషి వేలిముద్ర వేస్తే ఆ కాగితంలో ఏముందో అతనికి తెలియదు. ఏముందో తెలిసేసరికి భూమి పోయేది. ఇది మనసులో పెట్టుకుని తర్వాతి కథ చూడాలి. ఎందుకంటే సువార్త మన దగ్గరికి వచ్చింది సరిగ్గా ఈ కాలంలోనే.

నది వెంట వచ్చిన సువార్త

గోదావరి డెల్టాలో క్రైస్తవ సేవ 1830లలో నరసాపురం వైపు మొదలైంది. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు సేవకులు కుటుంబాలతో వచ్చి అక్కడ స్థిరపడ్డారు. 1840లలో రాజమండ్రిలో లూథరన్ మిషన్ మొదలైంది. ఇవన్నీ మైదానంలోని సంగతులు. పాపికొండలు దాటి ఆదివాసుల కోసమే పెట్టిన మిషన్ మాత్రం దుమ్ముగూడెంలో మొదలైంది.

దాని వెనక ఒక నీటిపనుల కథ ఉంది. సర్ ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. తర్వాత గోదావరి మీద ఎగువకు పడవలు నడపాలనే ఆలోచనతో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలవ పనులు పెట్టారు. ఆ పనులు చూసిన అధికారి కెప్టెన్ హేగ్ అనే సైనిక ఇంజనీరు. పనిలోకి వచ్చిన కోయలను, చుట్టుపక్కల పల్లెలను చూసి, వీళ్ళకు సువార్త చెప్పేవాళ్ళు లేరని 1860లో ఆయన కోయ మిషన్ మొదలుపెట్టాడు. చర్చి మిషనరీ సొసైటీ దాన్ని చేపట్టింది. హేగ్ దగ్గర సర్కారు కొలువులో ఉన్న ఇందుకూరి వెంకటరామరాజు క్రీస్తును నమ్మి, ఆ ఉద్యోగం వదులుకుని కోయల మధ్య సేవకుడయ్యాడు. మన కొండల్లో సువార్త చెప్పిన తొలి సేవకుల్లో ఒకరు తెలుగువారే అన్న సంగతి మన పిల్లలకు చెప్పాలి. ఇది తెల్లవాళ్ళు తెచ్చి రుద్దిన మతం అనేవాళ్ళకు ఆ ఒక్క పేరు చాలు.

1871లో సర్కారు ఎగువ గోదావరి పడవల పథకాన్ని వదిలేసింది. ఇంజనీర్లు వెళ్ళిపోయారు. మిషన్ మాత్రం వెళ్ళిపోలేదు. ఆ దశాబ్దంలోనే జాన్ కెయిన్ అనే పాదిరి దుమ్ముగూడెం వచ్చి చాలా ఏళ్ళు అక్కడే ఉండిపోయాడు. ఆయన చేసిన పనిలో మనకు ముఖ్యమైనది ఒకటుంది. ఆయన మన మాట నేర్చుకున్నాడు. పల్లెల్లో విన్నవి, చూసినవి రాసిపెట్టాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఆయన రాసిన వ్యాసాలు 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో వచ్చాయి. కోయల గురించి, కోయ మాట గురించి రాసిన మరో వ్యాసం 1881లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. మన గోత్రాలు, పెళ్ళిళ్ళు, చావు కర్మలు, కొలుపులు, మాటల అర్థాలు అచ్చులోకి ఎక్కిన తొలి రాతల్లో అవి కొన్ని. సువార్త భాగాలు కూడా 19వ శతాబ్దంలోనే కోయ మాటలో అచ్చయ్యాయి.

దీన్ని పొగడ్తగా చెప్పడం లేదు. కెయిన్ బయటివాడు. మన ఆచారాలను బయటివాడి కళ్ళతోనే చూశాడు, కొన్నిటిని మూఢనమ్మకాలనుకున్నాడు. అయినా ఒక సంగతి కాదనలేం. ఆ రోజుల్లో సర్కారు కాగితానికి, షావుకారు చిట్టాకు, కోర్టు తీర్పుకు మన మాట అక్కరలేదు. దేవుని మాట చెప్పాలనుకున్నవాడికి మాత్రం మన మాట కావలసి వచ్చింది. దేవుడు కోయలో మాట్లాడగలడు అనే ఆలోచన ఆ చిన్న పుస్తకాలతో మన మధ్యకు వచ్చింది. చిన్నచూపు చూడబడిన భాషకు అది చిన్న గౌరవం కాదు.

ఎందుకు కొద్దిమందే?

అంత శ్రమ పడినా మొదటి దశాబ్దాల్లో సంఘంలో చేరిన కోయలు కొద్దిమందే. దీనికి కారణం కోయలు మొండివాళ్ళని కొందరు అనుకున్నారు. మన వైపు నుంచి ఆలోచిస్తే ఇంకోలా కనిపిస్తుంది.

కోయ మనిషి ఒంటరి మనిషి కాదు. అతనికి గట్టు ఉంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ ఎవరికి ఎవరు అన్నదమ్ములో, ఎవరికి ఎవరు వియ్యమో అదే చెబుతుంది. గట్టుకు వేల్పు ఉంది. విత్తనం చల్లాలన్నా ఊరంతా కలిసి భూమి పండుగ చేయాలి. మామిడికాయ తినాలన్నా, చిక్కుడు కోయాలన్నా ముందు కొత్త పెట్టాలి. పటేలు, పూజారి, వడ్డె, ఒక్కొక్కరికి ఒక్కో బాధ్యత. ఇలాంటి ఊళ్ళో ఒక మనిషి బాప్తిస్మం తీసుకోవడమంటే అతను ఒక్కడు మనసు మార్చుకోవడం కాదు. పంటలో, పెళ్ళిలో, చావులో అతని చోటు ఏమిటనే ప్రశ్న ఊరంతటికీ వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మనిషిని మాత్రమే రమ్మంటే రావడం కష్టం.

ఇంకో అడ్డు కూడా ఉంది. సంఘంలో పాటలు తెలుగు, ప్రార్థన తెలుగు, ఉపదేశకులు ఎక్కువగా మైదానం నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. జ్వరాలకు, అడవికి భయపడకుండా వచ్చి మన మధ్య బతికారు. కానీ కోయకు సంఘం గుమ్మం ఎక్కడమంటే తెలుగు గుమ్మం ఎక్కడమే అయింది. క్రైస్తవుడు కావడానికి ముందు సగం మైదానపువాడు కావలసి వచ్చింది.

నమ్మినవాళ్ళలో మారింది ఏమిటి?

కాలం గడిచేకొద్దీ ఒక్కో ఊళ్ళో కొన్ని కుటుంబాలు నమ్మాయి. దుమ్ముగూడెం మిషన్ తర్వాత దోర్నకల్ డయోసిస్‌లో కలిసింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. స్వాతంత్ర్యం తర్వాత ఇతర సంఘాలు కూడా కొండల్లోకి వచ్చాయి. ఈరోజు గోదావరి రెండు ఒడ్డుల్లో చాలా ఊళ్ళలో ఒక చిన్న ప్రార్థన మందిరం కనిపిస్తుంది.

ఆ కుటుంబాల్లో ఏం మారిందో ఊళ్ళో ఉపాధ్యాయుడిగా పనిచేసే నాబోటివాడికి రోజూ కనిపిస్తుంది. జబ్బు చేస్తే ఫలానా ముసలమ్మ చేతబడి చేసిందని అనుమానించే భయం తగ్గింది. ఆ భయం వల్ల మన ఊళ్ళలో ఎంత అన్యాయం జరిగిందో పెద్దలకు తెలుసు. తాగుడు మానిన ఇళ్ళు ఉన్నాయి. ఆ ఇళ్ళలో అప్పు తగ్గింది, ఆడవాళ్ళ మీద దెబ్బ తగ్గింది. బైబిలు చదవాలని వయసు మళ్ళిన తల్లులు అక్షరాలు నేర్చుకున్నారు. బైబిలు చదవగలిగిన మనిషి భూమి పట్టా కూడా చదవగలడు. అన్నిటికంటే ముఖ్యంగా, తలవంచి నిలబడే అలవాటు పోయింది. కోర్టు దగ్గర, అటవీ శాఖ గేటు దగ్గర, సంతలో తూకం దగ్గర తలవంచడం మన తాతలకు అలవాటైపోయింది. దేవుడు తన పోలికలో నన్ను చేశాడని, నా కోసం ఆయన కుమారుడు ప్రాణం పెట్టాడని నమ్మిన మనిషికి ఒక మాట అర్థమవుతుంది. నా విలువ ఏ దొరా ఇచ్చింది కాదు, ఏ దొరా తీసుకునేదీ కాదు.

క్రీస్తులో నిజమైన గుర్తింపు అంటే నాకు అర్థమైంది ఇదే. అది ఇంకో జాతివాడిగా మారడం కాదు. ఇన్నాళ్ళూ మన మీద పడ్డ అవమానపు పేర్లు ఊడిపోయి, మనం మనుషులుగా, దేవుని బిడ్డలుగా నిటారుగా నిలబడటం.

పోగొట్టుకున్నది కూడా ఉంది

మంచి చెప్పినప్పుడు నష్టం కూడా చెప్పాలి. కొన్ని చోట్ల బోధకులు కొమ్ము నృత్యం సైతాను ఆట అన్నారు. రేలపాట పాడొద్దన్నారు. కొత్తల పండుగ రోజు క్రైస్తవ కుటుంబాలు ఊరికి దూరంగా కూర్చున్నాయి. పిల్లలకు కోయ పేర్లు పెట్టడం మానేశారు. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడటం మొదలైంది. బడిలో చేర్చుకునేటప్పుడు మాతృభాష ఏది అని అడిగితే "తెలుగు" అని రాయించే తల్లిదండ్రులు ఉన్నారు. దీనికి సంఘం ఒక్కటే కారణం కాదు. బడి కారణం, సినిమా కారణం, ఉద్యోగాలు కారణం. మన సర్కారు బడుల్లో కోయ వాచకాలు రావడానికి ఈ శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది. కానీ కోయ మాటలో సువార్త అచ్చేసిన సంఘమే తర్వాత కోయ మాటను మరిచిపోవడం బాధ కలిగిస్తుంది.

వేల్పుకు బలి ఇవ్వడం, సోదె అడగడం వంటివి మన విశ్వాసానికి సరిపడవని వదిలినవాళ్ళ మనస్సాక్షిని నేను గౌరవిస్తాను. నేను కూడా వాటిలో పాలుపంచుకోను. కానీ పాటలో ఉన్న అడవి పేర్లు, పండుగలో ఉన్న పంచుకు తినే గుణం, గట్టులో ఉన్న చుట్టరికం, మాటలో ఉన్న జ్ఞానం, ఇవి విగ్రహాలు కావు. కొత్త పంట కోసినప్పుడు తామే ముందు తినకుండా దేవుని ముందు పెట్టి, ఊరంతా కలిసి తినడం బైబిలుకు పరాయి సంగతి కాదు. ఇశ్రాయేలు జనం ప్రథమఫలాల పండుగ చేసుకున్నారు. మన సంఘాలు కోతపండుగ చేస్తాయి. అదే రోజున కోయ మాటలో, కోయ డోలు మీద కృతజ్ఞత చెప్పుకుంటే తప్పేమిటి?

అపొస్తలులు ముందే తేల్చిన సంగతి

ఈ తగువు కొత్తది కాదు. మొదటి శతాబ్దంలోనే సంఘంలో వచ్చింది. ఏసును నమ్మిన తొలి మనుషులు యూదులు. తర్వాత ఇతర జాతులవాళ్ళు నమ్మారు. వాళ్ళు ముందు యూదుల్లా మారాలా వద్దా అనే పెద్ద వాదం లేచింది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. యెరూషలేములో పెద్దలు కూర్చుని చర్చించి, ఆ బరువు వాళ్ళ మీద మోపకూడదని తీర్మానించారు. విగ్రహాలకు పెట్టింది తినడం, జారత్వం వంటి కొన్ని విషయాల్లో మాత్రం జాగ్రత్త చెప్పారు. అంటే, దేవుని దగ్గరికి రావడానికి ఇంకో జాతిగా మారనక్కరలేదు. గ్రీకువాడు గ్రీకువాడిగానే వచ్చాడు. మరి కోయ కోయగానే ఎందుకు రాకూడదు?

ఇంకో రెండు సంగతులు చూడండి. పేతురు గలిలయవాడు. అతని యాస విని యెరూషలేములో జనం అతన్ని గుర్తుపట్టారు. అంటే ఏసు శిష్యుడు కూడా తన పల్లె యాస పోగొట్టుకోలేదు. పెంతెకొస్తు దినాన వచ్చినవాళ్ళందరికీ ఒకే భాష నేర్పించలేదు. ఎవరి భాషలో వాళ్ళు విన్నారు. ప్రకటన గ్రంథంలో సింహాసనం ముందు నిలబడిన జనసమూహంలో కూడా ప్రతి జాతి, ప్రతి భాష కనిపిస్తాయి. చివరి దినాన కూడా దేవుడు భాషలను చెరిపేయలేదు. మనమే ఇక్కడ చెరుపుకుంటే అక్కడ ఏ భాషలో పాడతాం?

మిగతా ఆదివాసుల అనుభవం

మన దగ్గరే కాదు, దేశంలో ఇతర ఆదివాసులూ ఈ దారిలో నడిచారు. ఖాసీ కొండల్లో 1841లో థామస్ జోన్స్ అనే వెల్షు సేవకుడు ఖాసీ మాటను రోమన్ అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాడు. ఆ రాతే తర్వాత ఖాసీ చదువుకు, సాహిత్యానికి పునాది అయింది. చోటానాగపూర్‌లో హాఫ్‌మన్ అనే జెసూట్ పాదిరి ముండా భాషకు పెద్ద విజ్ఞాన కోశం తయారు చేశాడు. ముండాల భూమి హక్కుల కోసం 1908లో వచ్చిన చోటానాగపూర్ కౌలు చట్టంలో ఆయన కృషి ఉంది. అదే నేలలో బిర్సా ముండా జర్మన్ మిషన్ బడిలో చదివి, తర్వాత మిషన్‌ను విడిచి, తన జనం కోసం పోరాడి 1900లో రాంచీ జైల్లో చనిపోయాడు. ఆయన కోపం నుంచి కూడా సంఘాలు నేర్చుకోవలసింది ఉంది. భూమి గురించి మాట్లాడని విశ్వాసం ఆదివాసికి సగం విశ్వాసమే.

వీళ్ళందరిలో మన యువత గుర్తుపెట్టుకోవలసిన పేరు జైపాల్ సింగ్ ముండా. ఆయన ముండా, క్రైస్తవుడు. ఆక్స్‌ఫర్డులో చదివాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడు. ఆ ఒలింపిక్స్‌లో మన దేశం బంగారు పతకం గెలిచింది. తర్వాత ఆదివాసీ మహాసభకు నాయకత్వం వహించాడు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, తాను అడవి మనిషినని గర్వంగా చెప్పుకున్నాడు. ప్రజాస్వామ్యం ఆదివాసులకు ఒకరు నేర్పక్కరలేదని, వాళ్ళ దగ్గర నుంచే నేర్చుకోవాలని వాదించాడు. ఆదివాసి అనే మాట కోసం పట్టుపట్టాడు. ఆయన విశ్వాసం ఆయన్ని జాతికి దూరం చేయలేదు. అంత పెద్ద సభలో జాతి పేరు చెప్పుకోవడానికి అది అడ్డూ రాలేదు.

చట్టం ఏమంటోంది?

ఇప్పుడు కాగితం సంగతి. చాలామంది పిల్లలు భయపడేది ఇక్కడే. షెడ్యూల్డు కులాల విషయంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్ని ముడిపెట్టింది. మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా వర్తించింది. క్రైస్తవులైన దళితులకు అది లేదు. కానీ షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం అనే షరతే లేదు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం తెగే లెక్క. కోయ ఏ దేవుణ్ణి కొలిచినా కోయే.

ఇది కోర్టుకు కూడా వెళ్ళింది. 1962 ఎన్నికల్లో బిహార్‌లోని లోహర్దగా స్థానంలో గెలిచిన ఒరావ్ అభ్యర్థి క్రైస్తవుడు కాబట్టి ఆదివాసి కాడని ఓడిన అభ్యర్థి పిటిషన్ వేశాడు. పాట్నా హైకోర్టు ఒప్పుకోలేదు. మతం మారినంత మాత్రాన ఒరావ్ ఒరావ్ కాకుండా పోడని చెప్పింది. 2004లో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా మతమార్పిడి ఒక్కటే తెగ సభ్యత్వాన్ని పోగొట్టదని చెప్పింది. అయితే అక్కడ ఇంకో మాట ఉంది. ఆ మనిషి ఇంకా ఆ తెగలో భాగంగా ఉన్నాడా, తెగ ఆచారాలు పాటిస్తున్నాడా, తెగ అతన్ని తమవాడిగా చూస్తోందా అనేది సాక్ష్యంతో తేల్చవలసిన విషయమని చెప్పింది.

ఈ మాటను మన సంఘపెద్దలు శ్రద్ధగా చదవాలి. క్రైస్తవ కుటుంబాలు గట్టును, చుట్టరికాన్ని, ఊరి పెద్దల పంచాయితీని, మాటను పూర్తిగా వదిలేస్తే, రేపు మనల్ని తెగ జాబితా నుంచి తీసేయాలని కోరేవాళ్ళ చేతికి మనమే ఆయుధం ఇచ్చినట్టు అవుతుంది. జాబితాలో పేరు పోతే పోయేది ఉద్యోగాల రిజర్వేషన్ ఒక్కటే కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతున్న 1/70 చట్టం కూడా తెగ పేరు మీదే నిలబడింది. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన బాధ్యతల్లో ప్రజల సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడటం ఒకటి. ఆ గ్రామసభలో క్రైస్తవులూ కూర్చోవాలి, వేల్పును కొలిచేవాళ్ళూ కూర్చోవాలి. రెండు ముక్కలైన ఊరు ఏ కంపెనీ ముందూ, ఏ అధికారి ముందూ నిలబడలేదు.

నీళ్ళు ముంచలేనిది

మన తరానికి ఇంకో పరీక్ష వచ్చింది. పట్టిసీమకు కొద్ది ఎగువన పోలవరం కడుతున్నారు. దాని పూర్తి నీటిమట్టం 150 అడుగులు. దాని కింద మన ఊళ్ళు, పొలాలు, ఇప్పచెట్లు, సమాధులు, వేల్పుల గుడులు, ప్రార్థన మందిరాలు అన్నీ ఉన్నాయి. నీళ్ళు వచ్చినప్పుడు ఇది వేల్పు చోటు, ఇది క్రీస్తు మందిరం అని తేడా చూడవు. పునరావాస కాలనీలో వరసగా కట్టిన ఇళ్ళకు నంబర్లు ఉంటాయి. అక్కడ పుట్టిన పిల్లవాడు తన ఊరు ఏదంటే కాలనీ పేరు చెబుతాడు.

బైబిలులో ఇలాంటి కాలం ఒకటుంది. క్రీస్తుకు ముందు 6వ శతాబ్దంలో బబులోనువాళ్ళు యెరూషలేమును కూల్చి జనాన్ని చెరపట్టి తీసుకుపోయారు. భూమి పోయింది, దేవాలయం పోయింది, రాజు పోయాడు. మరి ఆ జనం ఎలా మిగిలారు? తమ కథలు చెప్పుకున్నారు, వంశావళులు కాపాడుకున్నారు, కూడి ప్రార్థించుకున్నారు. వాళ్ళ గ్రంథాల్లో చాలా భాగం ఆ కష్టకాలంలో, దాని తర్వాత రూపు దిద్దుకున్నదే. భూమి పోయిన జనానికి మాట, జ్ఞాపకం, విశ్వాసం ఇల్లు అయ్యాయి. భూమి కోసం అడగడం మానాలని దీని అర్థం కాదు. భూమికి భూమి, అటవీ హక్కుల పట్టాలు, న్యాయమైన పరిహారం మనకు రావలసినవే. అవి అడిగే గొంతు మాత్రం మనదై ఉండాలి.

ఉపాధ్యాయులకు, యువతకు

కాబట్టి కొన్ని చిన్న పనులు మన చేతిలో ఉన్నాయి. బడిలో చేర్చుకునేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాషను నిజంగా అడిగి రాయండి. కోయ అయితే కోయ అనే రాయండి. పిల్లవాడి పేరు యోహాను అయినా ఇంటిపేరు మడకం అని, గట్టు ఏదో అని అతనికి తెలిసేలా చేయండి. ఊళ్ళో పెద్దలు బతికుండగానే ముంపు ఊళ్ళ పేర్లు, వాగుల పేర్లు, గుట్టల పేర్లు, చెట్ల పేర్లు నోటుపుస్తకంలో ఎక్కించండి. ఫోనులో పాటలు రికార్డు చేయండి. సంఘకాపరులారా, నెలలో ఒక్క ఆదివారమైనా కోయ మాటలో ప్రార్థన చేయించండి. ముసలివాళ్ళు ఎలా కళ్ళు తుడుచుకుంటారో చూడండి. క్రైస్తవేతరులైన అన్నదమ్ముల ఇంట్లో చావు జరిగితే, పెళ్ళి జరిగితే మొదట వెళ్ళేవాళ్ళలో మీరు ఉండండి.

ఇక "కోయవా, క్రైస్తవుడివా" అని ఎవరైనా అడిగితే, కోపం తెచ్చుకోవద్దు, తల దించుకోవద్దు. కోయగా పుట్టించింది ఎవరో, పేరు పెట్టి పిలిచింది ఎవరో ఆ ఇద్దరూ ఒకరేనని చెప్పండి. ఆ మాట కోయలో చెప్పగలిగితే ఇంకా మంచిది.